నా బుడగలు, ఆయన ఫౌంటెన్

ఉద్యోగంలో ఎవరిమీదా అసూయ పడలేదని రిటైర్మెంటు సభల్లో మైకు పట్టుకుని చెప్పేవాళ్లను చాలామందిని చూశాను. భుజాన శాలువా పడగానే అలాంటి మాటలు వచ్చేస్తాయి కాబోలు. నా సభలో నాకు ఆ మాట రాలేదు. నేను ఎవరిమీద అసూయపడ్డానో ఆ మనిషి మొదటి వరుసలో కూర్చుని అందరికంటే గట్టిగా చప్పట్లు కొడుతున్నాడు మరి.

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లల కోసం ఇది రాస్తున్నాను. మీకూ ఒక పక్క సెక్షన్ ఉంటుంది. అందులో మీతోపాటే పరీక్ష రాసి, మీతోపాటే చేరి, మీకంటే బాగా నవ్వగలిగిన మనిషి ఒకరుంటారు. మీరు చేసిన పని ఎవరికీ కనబడదు. ఆ మనిషి చేసిన పని బస్సులో వెళ్లేవాళ్లకు కూడా కనబడుతుంది. దీనికి మందు చెబుతానేమోనని చదవకండి. నా దగ్గర లేదు.

నేను పల్లెలకు మంచినీళ్లిచ్చే శాఖలో ఇంజనీరుగా పనిచేశాను. చివరి పోస్టింగు మామిడికుదురు వైపు. నేను చెబుతున్న పక్క సెక్షన్ ఆయనది రాజోలు వైపు. ఇద్దరిదీ ఒకటే హోదా, ఒకటే జీతం, పైన ఒకరే డీఈ గారు. ఇద్దరి కిందా చెరో పెద్ద మంచినీళ్ల చెరువు ఉండేది. ఒక్కో చెరువు మీద చుట్టుపక్కల కొన్ని ఊళ్లు బతికేవి. ఆయన చెరువు బస్సు రోడ్డు పక్కన. నా చెరువు కొబ్బరితోటల వెనక, గుర్తులడుక్కుంటూ వెళ్లాల్సిన చోట. అసూయకు పునాది అక్కడే పడిందనుకోండి.

బయటివాళ్లకు కోనసీమ అంటే నీళ్లే. రావులపాలెం దాటి ఇటు తిరగ్గానే ఎటు చూసినా కాలువలు, ఇక్కడ తాగునీటికి కరువేమిటని నవ్వుతారు. వేసవిలో వచ్చి చూడాలి. దాళ్వా, అంటే రెండో పంట, చేతికి రాగానే కాలువలు కట్టేస్తారు. కట్టేసేలోగా ప్రతి ఊరూ తన చెరువు నింపుకోవాలి. మళ్లీ కాలువ వదిలేదాకా ఆ నీళ్లే తాగాలి, ఆ నీళ్లే వండుకోవాలి. బోరు వేసుకుందామంటే సముద్రం దగ్గర, ఉప్పునీళ్లు పడతాయి.

ఎండలు ముదిరాక నిలవనీళ్లకు జబ్బు చేస్తుంది. పైనీళ్లు వేడెక్కి పైనే ఉండిపోతాయి. అడుగునీళ్లు చల్లగా అడుగునే ఉండిపోతాయి. రెండూ కలవవు. అడుగున బురద కుళ్లి అక్కడున్న గాలినంతా తినేస్తుంది. పైన పాచి పగలు కాస్త గాలి ఇస్తుంది గానీ చీకటి పడ్డాక అదీ తినడమే. తెల్లవారేసరికి చెరువుకి ఊపిరాడదు. ఏ రోజైనా గాలివాన వచ్చి అడుగునీళ్లు పైకి తిరగబడ్డాయంటే కుళ్లిన కోడిగుడ్డు వాసన కుళాయిల్లోకి వస్తుంది. ఇంతకంటే సాంకేతిక విషయాలు చెప్పను. మీకు పుస్తకాలున్నాయి.

ఆ ఏడాది డీఈ గారు మా ఇద్దర్నీ పిలిచి, రెండు చెరువులకూ గాలి పట్టించే ఏర్పాటు మంజూరైందని, ఎవరికి ఏ పద్ధతి కావాలో వాళ్లే ఎంచుకోమని చెప్పారు.

నేను అడుగు నుంచి గాలి పంపే పద్ధతి అడిగాను. గట్టుమీద రేకుల షెడ్డు, అందులో గాలి కొట్టే బ్లోయరు, అక్కడి నుంచి సన్నటి చిల్లులున్న రబ్బరు పైపులు చెరువు అడుగంతా పరుచుకుంటాయి. గాలి బుడగలుగా పైకి లేస్తూ అడుగునీళ్లను తనతో లేపుకొస్తుంది. అంతే.

ఆయన ఫౌంటెన్ అడిగాడు. రంగుదీపాలతో.

డీఈ గారు నేను చెప్పినంతసేపూ తల ఊపారు. పక్క సెక్షన్ ఆయన ఫౌంటెన్ అనగానే కుర్చీలో ముందుకు జరిగారు. "ఎంత ఎత్తు లేస్తుందయ్యా?" అని అడిగారు. నా బుడగల గురించి డీఈ గారు ఒక్క ప్రశ్నా వేయలేదని ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. అప్పటి నుంచే మొదలైంది నాకు.

రెండు చెరువులకూ ఒకే వారంలో ప్రారంభోత్సవం. ఆయన దానికి ఎమ్మెల్యే గారు వచ్చారు, బ్యాండుమేళం వచ్చింది, స్విచ్చి నొక్కగానే నీళ్లు లేచి జనం మీద తుంపర పడితే అందరూ ఒక్కసారిగా అరిచారు. నా దానికి డీఈ గారు ఒక్కరే వచ్చారు. బ్లోయరు వేయించి గట్టుమీద ఆయన పక్కన నిలబడ్డాను.

"ఏదమ్మా?" అన్నారు.

"అదిగోనండి. ఆ బుడగలు."

ఆయన కళ్లజోడు సర్దుకుని కాసేపు చూశారు. "ఇంకేమైనా వస్తుందా?"

"లేదండి. ఇంతేనండి."

"మంచిది, మంచిది" అంటూ జీపెక్కేశారు.

ఇంతటితో పోయినా బాగుండేది. మర్నాడు పొద్దున్న కాఫీ కలుపుకుంటుంటే మా పంపు ఆపరేటరు ఫోను.

"మేడం గారూ, ఊరంతా ఖాళీ అయిపోతందండి!"

"ఏమైందయ్యా?"

"గ్యాస్ లీకయ్యిందంటండి. మన చెరువులోంచండి. బుడగలొస్తన్నాయంటండి."

"అవి మన బుడగలే కదయ్యా! నిన్న నువ్వే కదా మిషను వేసింది!"

"ఆయ్, నేనే వేసేనండి. కానీ ఇంతమంది అంటుంటే నాక్కూడా అనుమానం వచ్చేసిందండి."

మా వైపు నేల కింద గ్యాస్ పైపులైన్లు పోతాయి. ఎక్కడ చేలో బుడగ కనబడినా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పరిగెత్తడం జనానికి అలవాటు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. ఆ సంగతి చిన్నప్పటి నుంచీ తెలిసినదాన్ని. తెలిసి కూడా ముందురోజు ఊళ్లో ఒక చాటింపు వేయించాలని తట్టలేదు. ఫౌంటెన్‌కి చాటింపు అక్కర్లేదు కదా.

మా ఇల్లున్న అమలాపురం నుంచి స్కూటరు మీద వెళ్లేసరికి పొయ్యిలన్నీ ఆర్పేసి ఉన్నాయి. పిల్లల్ని, గేదెల్ని గాలికి ఎదురుగా ఉన్న తోటల్లోకి తోలేశారు. ఫైరింజను కూడా వచ్చి దూరంగా ఆగింది. నన్ను చెరువు దగ్గరికి ఎవరూ వెళ్లనివ్వలేదు. బతిమాలి షెడ్డులోకి వెళ్లి బ్లోయరు ఆపించాను. బుడగలు ఆగాయి. మళ్లీ వేయించాను. మళ్లీ వచ్చాయి. ఇంతకంటే రుజువేముంటుందని జనం వైపు తిరిగాను.

గట్టు అవతల చేతికర్ర పట్టుకున్న పెద్దాయన ఒకరు అందరికీ వినబడేలా అన్నారు. "చూసేరా? గ్యాస్ ఆవిడే వదుల్తున్నారు."

చివరికి అగ్గిపెట్టె పట్టుకుని చిన్న దోనె ఎక్కాను. నడిపేవాడు రానన్నాడు, నేనే గెడ వేసుకుంటూ వెళ్లి బుడగల మీద పుల్ల గీశాను. గట్టు మీద ఆడవాళ్లు "వద్దమ్మా, వద్దమ్మా" అని గోల. ఒకావిడ "పాపం, పిల్లలున్న తల్లి" అనడం స్పష్టంగా వినబడింది. పుల్ల మామూలుగా వెలిగి మామూలుగా ఆరిపోయింది. అక్కడే గ్లాసుతో నీళ్లు ముంచుకుని తాగాను. అప్పుడు ఒక్కొక్కరూ దగ్గరికొచ్చారు. చేతికర్ర పెద్దాయన మాత్రం ఒడ్డునే నిలబడి, "రేపటిదాకా చూద్దామండి, ఆవిడికి ఏమీ కాకపోతే అప్పుడు తాగుదాం" అన్నారు.

మర్నాడు పేపర్లో జిల్లా పేజీ పైన ఆయన ఫౌంటెన్ రంగుల ఫోటో. దాని కింద ఓ మూల "చెరువులో బుడగలు, జనం పరుగులు" అని నా వార్త. రెండూ ఒకే పేజీలో ఎవరు వేశారో గానీ వాళ్లను ఇప్పటికీ క్షమించలేదు.

మా ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. నా బుడగలు చూడడానికి ఒకసారి వచ్చారు. గట్టున నిలబడి, "బాగానే ఉన్నాయి" అన్నారు. తర్వాత వారమంతా, "ఆ ఫౌంటెన్ కూడా ఓసారి చూసొద్దామా?" అని అడుగుతూనే ఉన్నారు. కాదంటే కుళ్లు బయటపడుతుందని ఒక సాయంత్రం తీసుకెళ్లాను.

అక్కడ జాతరలా ఉంది. గట్టుమీద సిమెంటు బల్లలు వేయించాడు. మిరపకాయ బజ్జీల బండి, పిల్లలకు బుడగలూదే సబ్బునీళ్ల సీసాలు. అవును, అక్కడా బుడగలు, వాటినీ జనం కొనుక్కుంటున్నారు! రాజోలు నుంచి ఆటోలు కట్టించుకుని వచ్చారు. నీళ్లు ఆకుపచ్చగా, ఎర్రగా లేచి పడుతుంటే మా ఆయన బజ్జీ చేత్తో పట్టుకుని తినడం మర్చిపోయారు.

"ఎంత పద్ధతిగా వంగుతున్నాయో చూడు. అచ్చం పరావలయం" అన్నారు.

ముప్పై ఏళ్లు పైగా కాపురం చేశాను. నా పనిలో ఏ ఒక్కదాన్నీ ఆయన లెక్కల పుస్తకంలో బొమ్మతో పోల్చలేదు. నా ఒళ్లు మండిపోయింది.

ఈలోగా పక్క సెక్షన్ ఆయన మమ్మల్ని చూసి పరిగెత్తుకొచ్చాడు. "రండి మాస్టారూ, రండి రండి! మేడం గారు మా చెరువుకి రావడమంటే మాటలాండీ!" అంటూ మనిషిని పంపి కొబ్బరిబొండాలు కొట్టించాడు. మా ఆయన తాగి ముగించగానే బొండాన్ని చెక్కించి, లోపలి మీగడ స్వయంగా తీసి ఇచ్చాడు. ఆ తర్వాత నా వైపు తిరిగి ఎంతో ఆపేక్షగా అడిగాడు. "మీ బుడగలెలా ఉన్నాయండి మేడం?"

ఎగతాళి కాదు. అదే నా బాధ. కొంచెం వంకరగా అని ఉంటే హాయిగా ద్వేషించి నిద్రపోయేదాన్ని. ఆయనకు నిజంగానే నా బుడగల క్షేమం కావాలి.

జనం పలచబడ్డాక ఆపరేటరు వెళ్లి ఫౌంటెన్ కట్టేశాడు. నీళ్లు ఒక్కసారిగా కూలిపోయాయి.

"ఆపేశారేంటండీ?" అన్నాను పక్క సెక్షన్ ఆయనతో.

"అందరూ వెళ్లిపోయేరు కదండి. ఇంకెవరు చూస్తారండి?"

"ఇది జనానికి కాదండీ, చెరువుకి. చెరువుకి గాలి కావాల్సింది తెల్లారగట్ల. మీరు సాయంత్రం, చెరువులో గాలి బాగా ఉన్నప్పుడు వేసి, లేనప్పుడు కట్టేస్తున్నారు. పైగా అది పైనీళ్లే పీల్చి పైకి చిమ్ముతుంది. అడుగునీళ్లు కదలట్లేదు."

ఆయన శ్రద్ధగా విన్నాడు. "ఆయ్, నిజమేనండి. కానీ ఆ చప్పుడికి పక్కిళ్లవాళ్లు నిద్ర పట్టట్లేదంటున్నారండి. మొన్నో ముసలాయన వచ్చి బతిమాలేరు. ఎలా కాదంటానండీ? ఈ సీజను పోనివ్వండి, చూద్దాం."

ఎవరినీ నొప్పించలేని మనిషి. చెరువుకి నోరులేదు కాబట్టి దాన్ని నొప్పించవచ్చు. స్కూటరెక్కాక మా ఆయన వెనక నుంచి, "మంచివాడే కదా" అన్నారు. నేను స్కూటరు వేగం పెంచాను.

ఆ వేసవి నేను ఎలా ఉన్నానో దాచుకోను. చెక్కింగు ఉన్నా లేకపోయినా రాజోలు వైపు స్కూటరు తిప్పేదాన్ని. ఫౌంటెన్ కింద పాచి పెరిగిందా, గొట్టంలో చెత్త అడ్డుపడిందా అని చూసేదాన్ని. మా పంపు ఆపరేటరు నా జబ్బు కనిపెట్టేశాడు. పొద్దున్నే షెడ్డులో అడుగుపెట్టగానే, "మేడం గారూ, ఫౌంటెన్లో ఒక చిమ్ము వంకరగా పోతందంటండి" అని ఒక వార్త అందించేవాడు. ఆ రోజు నాకు టిఫిను రుచిగా ఉండేది. మర్నాడు బాగుచేశారని తెలిసేది, మళ్లీ మామూలే.

నా చెరువు మాత్రం నిలకడగా ఉంది. నీళ్లలో వాసన లేదు, ఫిల్టరు ఇసుక తొందరగా పూడుకుపోవడం లేదు. ఈ మాట ఎవరికి చెప్పాలి? "మా చెరువులో ఏమీ జరగలేదు" అంటే పేపరువాళ్లు వేసుకుంటారా? ఆ చెరువు ఊళ్లో ఒకావిడ నన్ను ఆపి, "మనకీ ఆ పువ్వులా లేచేది పెట్టించకూడదాండీ, పిల్లలు ఏడుస్తున్నారు" అని కూడా అడిగింది.

అప్పుడు వచ్చింది ఆ రోజు.

ఎండలు మండిపోయి, ఆ మీదట మబ్బుపట్టి సూర్యుడి మొహం కనబడకుండా పోయింది. ఒక సాయంత్రం గాలి విసిరి వాన పడింది. కొబ్బరి మట్టలు రోడ్ల మీద పరుచుకున్నాయి. పొద్దున్నే నా చెరువుకి పరిగెత్తాను. కరెంటు పోయినంతసేపూ జనరేటరు మీద బ్లోయరు నడిపామని ఆపరేటరు చెప్పాడు. నీళ్లు ముంచి వాసన చూశాను. నీళ్ల వాసనే.

గట్టు దిగకముందే ఆయన ఫోను. గొంతులో నవ్వు లేదు.

"మేడం, చెరువు తిరగబడిందండి. చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయండి. నీళ్లు నల్లగా అయిపోయేయి. సప్లై ఆపేసేనండి. ఒక్కసారి వస్తారాండీ?"

మొదట నాకు సంతోషం వేసింది. పచ్చిగా చెబుతున్నాను. నేను చెప్పాను కదా, చెప్పాను కదా అని లోపల ఒకటే గంతులు. స్కూటరు స్టార్టు చేసి సగం దూరం వెళ్లాక గానీ ఆ నీళ్లు తాగే ఊళ్లు గుర్తుకు రాలేదు. కాలువ వదలడానికి ఇంకా కొన్ని వారాలు పడుతుంది. ఆ చెరువు పోతే వాళ్లకు మరో చుక్క లేదు.

అక్కడికి వెళ్లేసరికి గాలంతా కుళ్లువాసన. నాచు తినడానికి వదిలిన చేపలు గట్టు పొడుగునా నీటి అంచుకొచ్చి గాలి మింగుతున్నాయి, కొన్ని అప్పటికే వెల్లకిలా తేలాయి. ఆడవాళ్లు ఖాళీ బిందెలతో నిలబడ్డారు. ఆయన ఫౌంటెన్ స్విచ్చి దగ్గర సిమెంటు బల్లమీద తలపట్టుకుని కూర్చున్నాడు.

ఇప్పుడైనా ఊరు ఆయన మీద పడి ఉంటుందనుకుంటున్నారు కదూ? నేనూ అలాగే అనుకున్నాను. ఒకావిడ బాక్సులో ఇడ్లీలు తెచ్చి, "సార్, పొద్దున్నుంచీ ఏమీ తినలేదు మీరు, ఓ రెండు తినండి" అని బతిమాలుతోంది. ఇంకొకాయన, "దేవుడు చేసిన దానికి మీరేం చేస్తారండీ?" అని ఓదారుస్తున్నాడు. బాగున్న నీళ్లలో గాలి వదిలినందుకు నామీదకి ఫైరింజను తెచ్చారు. నీళ్లు పాడు చేసినందుకు ఆయనకి ఇడ్లీలు!

డీఈ గారు వచ్చారు. చెరువు చూసి, నన్ను పక్కకు పిలిచారు. "ట్యాంకర్లతో ఇన్ని ఊళ్లకి ఎన్నాళ్లు తోలగలం అమ్మా? మీ మిషను ఇక్కడికి తేగలమా?"

నా దగ్గర రెండు బ్లోయర్లున్నాయి. ఒకటి నడుస్తుంటే ఒకటి అక్కరకు. ఆ రెండోది ఇచ్చేస్తే, అక్కడ మొదటిది చెడిపోయిన రోజు నా చెరువూ ఇలాగే అవుతుంది. నాతో వచ్చిన మా ఆపరేటరు చెవిలో గొణిగాడు. "మనకెందుకండీ? వాళ్ల ఫౌంటెన్నే కాపాడమనండి."

అక్షరం పొల్లుపోకుండా నేను అనుకుంటున్నదే. నా మనసులో మాట ఇంకొకరి నోట్లోంచి వింటే చాలా అసహ్యంగా వినిపించింది. "వెళ్లి రెండో మిషను ట్రాలీ ఆటోలో ఎక్కించుకురా. మిగిలిన పైపు చుట్టలు కూడా" అన్నాను. వాడు నన్ను మోసగత్తెను చూసినట్టు చూసి వెళ్లాడు.

తిరగబడిన చెరువులో పైపులు అడుగున పరిస్తే ఉన్న బురదంతా లేస్తుంది, ఇంకా చెడుతుంది. అందుకని వెదురుగెడలు నీళ్లమీద తేల్చి, పైపుల్ని వాటికి కొబ్బరితాళ్లతో కట్టి, అడుగు తగలకుండా వేలాడదీయాలి. కొబ్బరికాయలు దింపేవాళ్లు తాళ్లతో వచ్చారు. ముందుగా పంపులు నీళ్లు తోడే మూల చూసుకుని, అక్కడి నుంచి లోపలికి జరుపుకుంటూ పోయాం. ఫౌంటెన్ ఆపొద్దన్నాను. ఆ పూట దానికీ పని ఉంది. పైనీళ్లకు గాలి అందితే చేపలకు కాస్త ఊపిరి తిరుగుతుంది. దీపాలు మాత్రం తీసేయమన్నాను. అందులో కొంత శాస్త్రం కాదు, నా కక్షే.

ఆయన ఇస్త్రీ ప్యాంటుతో నడుంలోతు కుళ్లునీళ్లలోకి దిగి, నేను ఎక్కడ కట్టమంటే అక్కడ ముడులు వేశాడు. ఒక్క మాటకీ ఎదురు చెప్పలేదు. "ఇలాగేనాండీ మేడం? ఇంకా బిగించమంటారా?" అని అడుగుతూనే ఉన్నాడు. జనం దానికి కూడా ఫోటోలు తీసుకున్నారు. నేను ఒడ్డున ఛత్రీ కింద అరుస్తున్నట్టు పడ్డాను ఆ ఫోటోల్లో.

మర్నాటి తెల్లవారుజామున ఆయన ఫోను చేసి, "చేపలు కిందకి దిగేయండి మేడం" అన్నాడు. ఏడుస్తున్నాడనుకుంటాను. తర్వాత రోజుల్లో వాసన తగ్గింది, నీళ్ల రంగు విరిగింది. ఫిల్టర్లు కడిగించాం, పరీక్షలు చేయించాం, కాచుకుని తాగమని చెప్పి సప్లై ఇచ్చాం. ఈలోపు ఆ ఊళ్లకు వెళ్లిన ట్యాంకర్లు నింపింది నా చెరువులోనే. కాలువ వదిలేదాకా రెండు చెరువులూ నిలబడ్డాయి. నా మొదటి బ్లోయరు చెడిపోలేదు. చెడిపోతుందేమోనని నాకు ఎన్ని రోజులు అన్నం సహించలేదో ఎవరికీ తెలియదు.

కాలువ నీళ్లొచ్చాక ఆ ఊళ్లో సభ పెట్టారు. ఎమ్మెల్యే గారు ఫౌంటెన్‌ని చూపించి, "ఆ రోజు దీన్ని పగలూ రాత్రీ నడిపి మన సారు చెరువుకి ప్రాణం పోసేరు" అన్నారు. ఒకటే చప్పట్లు. నీళ్లకింద బుడగలున్నాయని ఎవరికి తెలుస్తుంది, పైన అంత ఎత్తున నీళ్లు ఎగురుతుంటే?

అప్పుడు ఆయన మైకు అందుకున్నాడు. "కాదండీ. ఇదంతా మేడం గారి బుడగల దయండి. నాకు ఆవిడ ముందే చెప్పేరు, నేనే వినలేదు. తప్పు నాదండి, పుణ్యం ఆవిడదండి."

ఇన్నాళ్లూ నేను కోరుకున్న మాట అది. చప్పట్లు పందిరి ఎగిరిపోయేలా మోగాయి. నా పక్కన కూర్చున్నావిడ కళ్లు తుడుచుకుంటూ, "ఎంత పెద్ద మనసండీ సారుది!" అంది. డీఈ గారు కూడా అదే మాట అన్నారు. మా ఆయనైతే ఇంటికి వెళ్లేదాకా అదే. నాకు రావలసిన చప్పట్లు కూడా ఆయనకే పోయాయి. నాకు శాలువా కప్పింది కూడా ఆయనే. పేపర్లో ఫోటో పడితే నా ముఖం ఆ శాలువా వెనక సగం మునిగిపోయింది.

మరుసటి ఏడాది ఆయన చెరువుకీ అడుగుపైపులు వేశారు. తర్వాత నేను రిటైరయ్యాను, కొంతకాలానికి ఆయనా అయ్యాడు. రాజోలు వైపే ఇల్లు కట్టుకున్నాడు.

మొన్న వేసవిలో మా ఆయన్ని, నన్ను టిఫినుకు పిలిచాడు. పెసరట్టు తిన్నాక చెరువుగట్టు దాకా నడిచాం. సిమెంటు బల్లలు ఉన్నాయి గానీ జనం లేరు. బజ్జీల బండి బస్టాండుకి వెళ్లిపోయిందట. చెరువు మధ్య ఫౌంటెన్ గొట్టాలు తుప్పుపట్టి ఉన్నాయి, వాటిమీద నీటికాకి ఒకటి రెక్కలు ఆరబెట్టుకుంటోంది. చుట్టూ నీళ్లలో అక్కడక్కడ బుడగలు లేస్తున్నాయి. నీళ్లు బాగున్నాయి.

"ఏమైందండీ ఫౌంటెన్?" అన్నారు మా ఆయన, చాలా బాధగా.

"మోటారు కాలిపోయిందండి మాస్టారూ. చాన్నాళ్లయింది."

అప్పుడే నా ఫోను మోగింది. నా పాత చెరువు ఊరి నుంచి. ఆ రోజు చేతికర్ర పట్టుకుని, గ్యాస్ ఆవిడే వదుల్తున్నారన్న పెద్దాయన.

"అమ్మా, బుడగలు ఆగిపోయేయండి! పొద్దున్నుంచీ రావట్లేదండి. ఊరంతా గట్టుమీదే ఉన్నామండి, ఏమైపోతుందోనని."

"నేను రిటైరైపోయాను కదండీ. ఇప్పుడున్న ఇంజనీరు గారికి చెప్పండి."

"ఆయనకి చెప్పేవండి. బయల్దేరేరంట. అయినా మీరు ఓ మాట చెప్తే మాకు ధైర్యం కదండి."

పక్క సెక్షన్ ఆయన వింటున్నాడు. "రిటైరయ్యాక కూడా మీకు చేస్తారాండీ?" అన్నాడు మెల్లగా.

"అప్పుడప్పుడు" అన్నాను.

ఆయన తుప్పుపట్టిన గొట్టాల వైపు తిరిగాడు. "ఇది ఆగిపోతే నాకు ఒక్కరూ చెయ్యలేదండి. నేనే ఓ రోజు ఇటు వాకింగుకి వచ్చి చూసుకున్నాను." నవ్వబోయాడు. ఎప్పుడూ అంత సులువుగా వచ్చే నవ్వు సగంలో ఆగిపోయింది. నా చేతిలో ఫోను వైపు ఒక చూపు చూశాడు. ఆ చూపు నాకు కొత్త కాదు. ఆ వేసవంతా అద్దంలో చూసుకున్నాను.

పెద్దమనసున్న మనిషైతే ఫోను పట్టుకుని అవతలికి వెళ్లి మాట్లాడేది. నేను స్పీకరు ఆన్ చేశాను.